‘మంచోడే, కానీ...’

మా బావ అట్లాంటా దగ్గరి కమింగ్ అనే ఊళ్ళో ఉంటాడు, మా ఇంటి నుంచి పావుగంట. శనివారం జార్జియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆట ఉందంటే వాళ్ళ బేస్‌మెంట్‌లో పది పదిహేను మందిమి చేరతాం. ఓ పక్క మిరపకాయ బజ్జీలు, ఓ పక్క చికెన్ వింగ్స్, మెట్ల మీద పిల్లల గోల. 2025 అక్టోబర్‌లో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు తమ ఫుట్‌బాల్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేసిన వారం కూడా అలాగే కూర్చున్నాం. సీజన్ మొదట్లో దేశంలో రెండో ర్యాంకులో ఉన్న జట్టు వరసగా మూడు ఆటలు ఓడింది. మూడోది ఓడిన మర్నాడే కోచ్‌ని ఇంటికి పంపేశారు. అంతకుముందు సీజన్‌లోనే జట్టుని జాతీయ సెమీఫైనల్ దాకా తీసుకెళ్ళినాయన ఆయన. ‘పెద్ద ఆట గెలవలేడు’ అన్న పేరు మాత్రం వదల్లేదు. ఆ మాట రాగానే మావాళ్ళు మా సొంత పుండు దగ్గరికి, అంటే మా జార్జియా పాత కోచ్ దగ్గరికి వచ్చేశారు.

“మన మార్క్ రిక్ట్ కూడా అంతేగా బావా. మంచోడే. కానీ...” అన్నాడు మా బావ.

నా గొడవంతా ఆ ‘కానీ’తోనే. పదేళ్ళ నుంచి వింటున్నాను. ఆయన్ని తిట్టేవాళ్ళూ అదే అంటారు, ఆయన్ని ప్రేమించేవాళ్ళూ అదే అంటారు. తిట్టేవాళ్ళ సంగతి నాకు అర్థమవుతుంది. ప్రేమించేవాళ్ళు కూడా ‘పోనీలే, మంచి మనిషి’ అని సర్దుకుంటుంటే మాత్రం కడుపు రగిలిపోతుంది. ఆ మాట అన్నామంటే, ఆయన మంచితనమే ఆయన్ని ఓడించిందని ఒప్పేసుకున్నట్టే. అది నిజం కాదని నేను నమ్ముతున్నాను. ఆవేళ ఆట మళ్ళీ మొదలైంది, మాట మధ్యలో ఆగిపోయింది. అందుకే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది మనం ఫుట్‌బాల్ అనుకునేది కాదు, కోలబంతితో ఆడే అమెరికా ఫుట్‌బాల్. అందులోనూ కాలేజీ ఆట. సీజన్‌కి పన్నెండు ఆటలు, దాదాపు అన్నీ శనివారాలే. ఒక్కటి ఓడితే ఏడాది కష్టం గంగపాలయ్యే రోజులు మొన్నమొన్నటి దాకా ఉండేవి. జార్జియా రాష్ట్రంలో ఈ ఆటకి ఊరు ఏథెన్స్, గుడి శాన్‌ఫర్డ్ స్టేడియం. తొంభై వేల పైచిలుకు మంది పడతారు. మైదానం చుట్టూ పచ్చటి కంచె పొదలు. మార్క్ రిక్ట్ అక్కడ 2001 నుంచి 2015 దాకా హెడ్ కోచ్. 145 గెలుపులు, 51 ఓటములు. ఎస్ఈసీ అనే దక్షిణాది యూనివర్సిటీల కూటమి (కాన్ఫరెన్స్)లో, అంటే దేశంలోకెల్లా గట్టి పోటీ ఉన్న చోట, రెండు టైటిళ్ళు. ఆయన వచ్చేనాటికి జార్జియా ఆ టైటిల్ మొహం చూసి ఇరవై ఏళ్ళు కావస్తోంది. 2015 నవంబర్ 29, ఆదివారం నాడు ఆయన్ని తీసేశారు.

నేను ఏథెన్స్‌కి ఎంఎస్ చేయడానికి 2005 ఆగస్టులో వచ్చాను. నరసరావుపేట దగ్గరి ఊరు మాది. కోటప్పకొండ తిరునాళ్ళకి ఊరూరా ప్రభ కట్టి, మా ప్రభ ఎత్తంటే మా ప్రభ ఎత్తని పోటీలు పడే నేల మాది. సెప్టెంబర్ 3న బోయిసీ స్టేట్‌తో మొదటి ఆట. ఆ పొద్దున ఊరంతా ఎర్రచొక్కాలు వేసుకుని, చెట్ల కింద డేరాలు వేసుకుని, పొయ్యిలు రాజేసుకుని ఉంటే నాకు ఎవరూ ఏమీ వివరించక్కర్లేకపోయింది. ఇది తిరునాళ్ళ. ఇక్కడి ప్రభ ఈ జట్టు. జార్జియా 48-13తో గెలిచింది. ఆట నియమాలు ఒక్కటీ తెలియకుండానే గొంతు పోయేలా అరిచాను. డి.జె. షాక్లీ అనే క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ జట్టుని నడిపించేవాడు, తన వంతు కోసం ఏళ్ళ తరబడి బెంచీ మీద కాచుకుని, చివరి ఏడాది అవకాశమొచ్చి ఆడుతున్నాడని తర్వాత తెలిసింది. డిసెంబర్‌లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్) మీద 34-14తో ఎస్ఈసీ టైటిల్ గెలిచింది ఆ కుర్రాడి జట్టే. ఆ ఏడాది రిక్ట్ దగ్గర రన్నింగ్ బ్యాక్‌లకి, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళకి, కోచ్‌గా చేసిన ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి పేరు కిర్బీ స్మార్ట్. ఆ పేరు మళ్ళీ వస్తుంది.

ఆట నాకు నేర్పింది మా ఇంటి ఓనరు. రిటైరైన స్కూల్ టీచరు, అక్కడే చదువుకున్నాయన. వెనక గది నాకు అద్దెకిచ్చాడు. టీవీ సౌండ్ పూర్తిగా తగ్గించి రేడియోలో లారీ మన్సన్ కామెంటరీ పెట్టేవాడు. ఆ తరం జార్జియావాళ్ళు చాలామంది అలాగే చూసేవాళ్ళు. మాట ముందు, బొమ్మ వెనక. ఆయన ఫ్రిజ్ తలుపు మీద ఏటేటా ఒక అయస్కాంతపు షెడ్యూల్ కార్డు ఉండేది. ఆ ఏటి ఆటలు, తేదీలు అచ్చు వేసి ఉంటాయి. ఆట అవ్వగానే లేచి, బాల్‌పెన్నుతో పక్కన స్కోరు రాసేవాడు. గెలిచినా ఓడినా ఒకటే రాత, టీచరు మార్కులు వేసినట్టు.

ఇక ‘మెత్తన మనిషి, అందుకే పెద్ద ఆటలు గెలవలేదు’ అనే బావ వాదానికి వస్తాను. ఆయన చెప్పేదాంట్లో ఉన్న నిజాన్ని నేను దాచిపెట్టను. 2008లో సీజన్ మొదలయ్యేటప్పుడు జార్జియా దేశంలో నంబర్ వన్. సెప్టెంబర్‌లో అలబామా ఏథెన్స్‌కి వచ్చింది. స్టేడియం మొత్తాన్ని నల్లబట్టల్లో రమ్మన్నారు, జట్టు కూడా నల్ల జెర్సీలే వేసుకుంది. హాఫ్‌టైమ్‌కి 31-0, మాది సున్నా. ఆ రాత్రి స్టాండ్స్‌లో నేనున్నాను. తొంభై వేల మంది ఒకేసారి నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. 2013, 2014ల్లో కాన్ఫరెన్స్‌లో మా సగం, అంటే మా డివిజన్, పలచబడి, గెలవడానికి దారి తెరిచి పెట్టినట్టున్నా గెలవలేకపోయాం. 2015లో ఫ్లోరిడా మీదికి, ఆ ఏడాది ఒక్క ఆట కూడా మొదటినుంచి ఆడించని క్వార్టర్‌బ్యాక్‌ని దింపి 27-3తో ఓడాం. ఆ రోజు నాకూ కోపమొచ్చింది. పదిహేనేళ్ళు ఒకే మనిషి ఉంటే కొన్ని విషయాలు మొద్దుబారతాయి. మార్పు కావాలి అన్న మాటని నేనిప్పుడు తప్పు పట్టను.

కానీ, మార్పు కావాలనడం వేరు. ‘మెత్తన కాబట్టి గెలవలేదు’ అనడం వేరు.

రిక్ట్ ఎందుకు జాతీయ టైటిల్ గెలవలేదో చూడాలంటే, అప్పట్లో ఆ టైటిల్‌కి దారి ఎంత ఇరుకో చూడాలి. 2013 దాకా దేశం మొత్తం మీద రెండే జట్లు ఆ ఆఖరి ఆట ఆడేవి. ఎవరు ఆడాలో ఓట్లు, కంప్యూటర్ లెక్కలు తేల్చేవి. 2002లో జార్జియా పదమూడు గెలిచి ఒక్కటి ఓడింది. ఆ ఏడాది ఓహైయో స్టేట్, మయామీ రెండూ అజేయంగా ఉండడంతో మాకు చోటు లేదు. 2007లో చివరి వారం మొదటి రెండు స్థానాల్లో ఉన్న ఇద్దరూ ఓడిపోయినా, మేం మా కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడలేదని రెండు ఓటములున్న ఎల్ఎస్‌యూని మమ్మల్ని దాటించి పంపారు. మావీ రెండు ఓటములే. హవాయిని 41-10తో చిత్తు చేసి, దేశంలో రెండో స్థానంలో సీజన్ ముగించాం. ఇప్పుడు 2024 నుంచి పన్నెండు జట్లు ప్లేఆఫ్ ఆడుతున్నాయి. ఈ పద్ధతి అప్పుడుంటే రిక్ట్ జట్లు ఎన్నిసార్లు లోపలికి వెళ్ళేవో మా బావని కూర్చుని లెక్కేయమనండి.

ఇంకా 2012. డిసెంబర్ 1, అట్లాంటాలో జార్జియా డోమ్. మళ్ళీ అలబామా. గెలిచినవాళ్ళు జాతీయ ఫైనల్‌కి వెళ్తారు. 32-28తో వెనకబడి ఉన్నాం, నిమిషం పైచిలుకు సమయం, గడియారం ఆపించే టైమ్‌అవుట్లు లేవు. ఆరన్ మరే మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి జట్టుని తోసుకుంటూ వచ్చాడు. గోల్ గీతకి ఎనిమిది గజాల దగ్గర ఉన్నాం. గడియారం ఆపడానికి బంతిని నేలకేసి కొట్టొచ్చు. కొట్టలేదు. అలబామా సర్దుకునేలోపే ఇంకో పాస్ వేశారు. ఆ పాస్‌కి అలబామా ఆటగాడి చెయ్యి తగిలింది, గమ్యం తప్పింది, క్రిస్ కాన్లీ ఐదు గజాల దగ్గర అలవాటు కొద్దీ పట్టుకున్నాడు. పట్టుకోకుండా వదిలేసి ఉంటే గడియారం ఆగేది. పట్టుకున్నాడు, కింద పడ్డాడు, సమయం అయిపోయింది. అలబామా వెళ్ళి నోటర్ డామ్‌ని 42-14తో ఓడించి జాతీయ టైటిల్ ఎత్తుకుంది. అందరూ ఒప్పుకునేదేమిటంటే, ఆ ఏడాది అసలు ఫైనల్ ఆ అట్లాంటా ఆటే.

ఆ ఆఖరి పాస్‌లో మెత్తదనం ఎక్కడుంది? నిజానికి అది తెగింపు. సరైనదా కాదా అని ఇవాళ్టికీ పోట్లాడొచ్చు. బంతి నేలకి కొట్టి ఉండాల్సిందని నేనే అంటాను. అది ఆట గురించిన విమర్శ, దానికి ఆయన జవాబు చెప్పాలి. మనిషి స్వభావానికి దాన్ని అంటగట్టడం మాత్రం అన్యాయం.

రెండోది, వనరులు. దక్షిణాదిలో ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఉరుములతో కుండపోత వాన. పిడుగుల భయం ఉంటే ప్రాక్టీస్ ఆపేయాల్సిందే. అలబామాకి ఎన్నో ఏళ్ళ ముందు నుంచే పైకప్పు ఉన్న ప్రాక్టీస్ మైదానం ఉంది. జార్జియా తనది తెరిచింది 2017లో, దాదాపు మూడు కోట్ల డాలర్లతో. అప్పటికి రిక్ట్ వెళ్ళిపోయి ఏడాది దాటింది. సహాయక సిబ్బందికి డబ్బు చాలకపోతే ఆయన సొంత జేబులోంచి ఇచ్చారు. అది బయటికొచ్చి 2011లో కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ లెక్కల్లో చిన్న ఉల్లంఘనగా నమోదైంది. జీతం డబ్బు తీసి కింద పనిచేసేవాళ్ళకిచ్చి, దానికీ తప్పు మోయాల్సి వచ్చింది. రిక్ట్ స్థానంలో హెడ్ కోచ్‌గా కిర్బీ స్మార్ట్ వచ్చాక యూనివర్సిటీ సంచీ మూతి విప్పింది. ఆయన అడిగి సాధించుకున్నాడు, అది ఆయన గొప్పతనం, నేను తగ్గించను. కాకపోతే ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి కొలిచేటప్పుడు ఇద్దరి కాళ్ళ కింద నేల ఒకే ఎత్తులో లేదని గుర్తుంచుకోవాలి.

‘రెండు జాతీయ టైటిళ్ళొచ్చాయి, ఇంకా మాటలెందుకు’ అంటాడు బావ. వచ్చాయి. 2022 జనవరి 10న ఇండియానాపొలిస్‌లో అలబామా మీద 33-18. 1980 తర్వాత మొదటిసారి. మరుసటి ఏడాది టీసీయూ (టెక్సాస్ క్రిస్టియన్) మీద 65-7. నేనూ ఏడ్చాను ఆనందంతో. అయితే ఫలితాన్ని చూపించి నిర్ణయాన్ని సమర్థించేవాళ్ళు ఒకసారి నెబ్రాస్కా వైపు చూడాలి. అక్కడ ఫ్రాంక్ సోలిచ్ ఆరేళ్ళలో 58 గెలిచి 19 ఓడాడు. 2003లో తొమ్మిది గెలిచి మూడు ఓడాక, ఇంత మామూలుగా ఉంటే కుదరదని తీసేశారు. మరుసటి ఏడాదే ఐదు గెలుపులు, ఆరు ఓటములు. 1961 తర్వాత అలాంటి సీజన్ చూడని జట్టు అది. 1999 తర్వాత ఇవాళ్టి దాకా ఒక్క కాన్ఫరెన్స్ టైటిల్ లేదు. రిక్ట్‌ని తీసేసినప్పుడు మా లెక్క కూడా అచ్చంగా అదే, తొమ్మిది గెలుపులు, మూడు ఓటములు. ఒకే నిర్ణయం ఒక చోట టైటిళ్ళు తెచ్చింది, ఇంకో చోట పాతికేళ్ళు తినేసింది. మాకు స్మార్ట్ దొరికాడు. దొరక్కపోయుంటే ఇవాళ రిక్ట్ గురించి ఏం మాట్లాడుకునేవాళ్ళం? అప్పుడు ఆయన మంచితనం ఒక్కసారిగా గొప్ప వ్యూహం అయిపోయేది. ఒక మనిషి పదిహేనేళ్ళ పని విలువ, ఆయన తర్వాత వచ్చినవాడి గెలుపు ఓటములతో పెరగడం తరగడం ఏం న్యాయం?

స్మార్ట్ రెండో ఏడాది, 2017 సీజన్‌లో జార్జియా జాతీయ ఫైనల్ దాకా వెళ్ళింది. బావ ఆ ఏడాదే ఇక్కడికి వచ్చి ఆట చూడడం మొదలుపెట్టాడు, అందుకే ఆయనకి జార్జియా అంటే స్మార్టే. ఆ జట్టుని మోసిన భుజాలు ఎవరివి? నిక్ చబ్, సోనీ మిషెల్. ఇద్దరూ రిక్ట్ తెచ్చిన పిల్లలే. 2015 అక్టోబర్‌లో నాక్స్‌విల్‌లో ఆట మొదటి బంతికే చబ్ మోకాలు విరిగినట్టు మెలిపడింది. మళ్ళీ పరిగెత్తుతాడా అని అందరం భయపడ్డాం. 2017 సీజన్ సెమీఫైనల్ అయిన రోజ్ బౌల్‌లో ఓక్లహోమా మీద రెండో ఓవర్‌టైమ్‌లో ఇరవై ఏడు గజాలు పరిగెత్తి ఆట ముగించింది మిషెల్. 54-48. డిఫెన్స్ మధ్యలో నిలబడ్డ రోక్వాన్ స్మిత్ కథ ఇంకా చిత్రం. 2015 ఫిబ్రవరిలో టీవీ ముందు యూసీఎల్ఏకి వెళ్తానని ప్రకటించాడు. తనని పిలిచిన కోచ్ వెళ్ళిపోతున్నాడని తెలిసి కాగితం పంపకుండా ఆగాడు. చివరికి మామూలుగా అందరూ సంతకం చేసే ఒప్పంద పత్రం చేయకుండానే జార్జియాకి వచ్చాడు. కాగితం కట్టిపడేయకుండా, నమ్మకం మీద వచ్చిన పిల్లాడు. ఆ నమ్మకం ఎవరిని చూసి పుట్టింది? నాట్లు వేసినవాడి పేరు కూడా కుప్ప నూర్చేరోజున ఒకసారి తలుచుకోవాలి కదా.

క్రమశిక్షణ సంగతీ చెబుతాను, ఎందుకంటే మెత్తదనం అన్న మాటకి అదే గట్టి జవాబు. 2010లో ఏ.జే. గ్రీన్ తన సొంత జెర్సీ వెయ్యి డాలర్లకి అమ్ముకున్నాడని ఎన్‌సీఏఏ నాలుగు ఆటలు ఆడనివ్వలేదు. ఆ నాలుగింట్లో మూడు ఓడిపోయాం, రిక్ట్ కాలంలో గెలుపులకంటే ఓటములు ఎక్కువైన ఏకైక ఏడాది అదే. 2014లో టాడ్ గర్లీ ఆటోగ్రాఫ్‌లకి డబ్బు తీసుకున్నాడని మళ్ళీ నాలుగు ఆటలు. 2021 జులై నుంచి ఆ పిల్లలు చేసింది తప్పే కాదు, ఇవాళ ఆటగాళ్ళు తమ పేరు మీద బాహాటంగా లక్షలు సంపాదిస్తున్నారు. నిక్ మార్షల్ అనే కుర్రాణ్ణి జట్టు నియమాలు తప్పాడని 2012లో పంపేశారు. పంపేస్తే పంపేశారు, ఇంకెక్కడా ఆడకుండా తలుపులు మూయలేదు. 2013 నవంబర్‌లో ఆ మార్షలే ఆబర్న్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్‌గా, ఇరవై ఐదు సెకన్లుందనగా మా మీద డెబ్బై మూడు గజాల పాస్ వేశాడు. మా ఆటగాళ్ళిద్దరి చేతులకి తగిలి ఎగిరి వాళ్ళవాడి ఒళ్ళో పడింది. 43-38. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. కానీ ఆ కుర్రాడికి ఇంకో చోట బతుకు దొరకడం తప్పని మాత్రం ఒక్కనాడూ అనిపించలేదు. దీన్ని మెత్తదనం అంటే, గట్టిదనం అంటే ఏమిటో నాకు తెలియదు.

ఇంకో విషయం, నాకు అన్నింటికంటే దగ్గరిది. 2009లో నా ఉద్యోగం పోయింది. వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఏమవుతుందో ఇది చదివేవాళ్ళలో చాలామందికి తెలుసు. నిన్నటిదాకా ‘మనవాడు’ అన్నవాళ్ళు ఫోనెత్తరు. పేరు పక్కన కంపెనీ పేరు లేకపోతే మనిషే లేనట్టు. ఆ మూడు నెలలు నేను మర్చిపోను. 2013 సెప్టెంబర్‌లో జార్జియా మాజీ ఆటగాడు పాల్ ఆలివర్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ దాకా వెళ్ళి ఆడి వచ్చినవాడు. ఆ తర్వాత రిక్ట్ అతని పేరు మీదే ఒక ఏర్పాటు చేశారు. ఆట అయిపోయిన పాత ఆటగాళ్ళకి ఉద్యోగాలు వెతికిపెట్టడం, ఊళ్ళో వ్యాపారాలున్న జార్జియావాళ్ళతో కలపడం. ఆ పిల్లలు ఇంక ఆయనకి ఒక్క పాయింటు కూడా తెచ్చిపెట్టరు. అయినా వాళ్ళ ఫోన్లు ఎత్తాలనుకున్నారు. ఫోన్ ఎత్తేవాడు ఒక్కడుంటే ఏమిటో నాకు తెలుసు కాబట్టి, ఈ పనిని నేను ‘మంచితనం’ అనే గదిలో పెట్టి తాళం వేయలేను. ఇది కోచింగ్. ఆయన ఉద్యోగంలో ఇది భాగం అనుకున్నారు, చేశారు.

తీసేసిన మర్నాడు, తనని తీసేసిన అథ్లెటిక్ డైరెక్టర్ గ్రెగ్ మెక్‌గారిటీ పక్కనే కూర్చుని ప్రెస్‌తో మాట్లాడారు రిక్ట్. ఒక్క పుల్లవిరుపు మాట లేదు. వారం తిరక్కుండానే తాను చదువుకున్న మయామీ పిలిస్తే వెళ్ళి మూడేళ్ళు చేసి 2018 చివర్లో మానేశారు. 2021లో తనకి పార్కిన్సన్స్ వ్యాధి ఉందని ఆయనే చెప్పారు. 2023లో కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

తీసేసిన ఆదివారం మా ఓనరు నాకు ఫోన్ చేశాడు. అప్పటికి నేను ఆల్ఫరెటాకి వచ్చేసి ఎన్నో ఏళ్ళయింది. “విన్నావా?” అన్నాడు. విన్నానన్నాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. “బుధవారం చెత్తబండి వస్తుంది, ఈ ఆకులన్నీ ఊడ్చి పెట్టాలి” అని పెట్టేశాడు.

రెండేళ్ళ క్రితం ఆయన ఇల్లు అమ్మి కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ నన్ను పిలిచి ఒక చెప్పుల డబ్బా ఇచ్చాడు. తీసి చూస్తే ఫ్రిజ్ మీది షెడ్యూల్ కార్డులు, పదిహేను. 2001 నుంచి 2015 దాకా, ఒక్కటి తప్పకుండా. అంచులు పసుపెక్కాయి, కొన్నిటి వెనక అయస్కాంతం పొరలు పొరలుగా లేస్తోంది. 2015 కార్డులో ఫ్లోరిడా దగ్గర 3-27, అదే చదునైన రాత. ఆఖరి వరసలో జార్జియా టెక్, 13-7. దాని కింద ఇంకేమీ లేదు. ఆ ఏడాది సీజన్ అయ్యాక జరిగే బౌల్ ఆట గెలిచాం, అప్పటికి రిక్ట్ లేరు. ఆయన ఆ స్కోరు రాయలేదు.

నేను వాటిలో ఒకటి తీసి మా ఫ్రిజ్ మీద పెట్టుకున్నాను, 2012ది. కాన్ఫరెన్స్ ఫైనల్ ఆ కార్డు మీద అచ్చు వేసి ఉండదు కాబట్టి అడుగున చేత్తో రాసుకున్నాడు ఆయన, 28-32 అని. పక్కన చిన్నగా, పెన్ను గట్టిగా నొక్కి, 5 అని.

పోయిన నెల బావ మా ఇంటికి భోజనానికొచ్చాడు. మంచినీళ్ళ సీసా కోసం ఫ్రిజ్ తలుపు తీయబోయి ఆగాడు. కాసేపు చూసి, “ఈ ఐదేంటి బావా?” అన్నాడు.

కూర్చోమని, మొదటినుంచీ చెప్పాను.